రెండంగల వంతెన

మా వంటింటి వెనకగోడ మాది కాదు.
మునిసిపాలిటీది.
అంతకుముందు ఎవరో దొరది.
ఇంకా ముందు, భయానిది.
తక్కిన మూడు గోడలకీ మేకులు కొట్టుకోవచ్చు.

నాలుగు మూరల మందం.
శత్రువుకి చూపించిన ముఖానికే ఎండంతా:
అటువైపు తొండలు, అడివి అత్తిమొక్కలు,
ఇటువైపు మాకు నీడా నాచూ.
చలికాలం మాత్రం, పగలు తాగిన ఎండని
రాత్రి పదింటికి కక్కుతుంది గోడ.
వీపు ఆనించుకుని కూర్చుంటాం.

స్టవ్వుకి కుడిపక్కన
బాణాలు వదలడానికి వదిలిన సందు ఒకటి.
లోపల బీరువా అంత,
బయటికి పోయేకొద్దీ చెయ్యి పట్టనంత.
కొట్టేవాడికి కనబడాలి,
చచ్చేవాడికి కనబడకూడదు,
ఆ లెక్కతో కట్టిన కిటికీ.
నేనందులో ఉల్లిపాయలు పోసుకుంటాను.

దాంట్లోంచి వంతెన మొత్తం కనబడదు.
నడిమి బురుజు ఎడమ అంచు,
దాని పక్కన రెండంగల మేర.
అంతే.
మనిషి రాతిలోంచి పుట్టినట్టు వస్తాడు,
రెండంగలు వేస్తాడు,
రాతిలోకి పోతాడు.
ఉత్తరాల పిల్ల బిబియానా సైకిలు ఒక్క రెప్పపాటు.
కర్ర పట్టుకున్న ముసలి సదుర్ని అయితే
పాలు పొంగేదాకా.

తిన్నగా ఉండదు మా వంతెన.
కట్టినవాళ్ళు నీళ్ళలో బండ ఎక్కడుంటే
అక్కడ కాలు మోపుకుంటూ పోయారు,
చెప్పులు చేత పట్టుకుని ఏరు దాటే మనిషిలా.
సగంలో మోచెయ్యిలా మడిచి
ఆ మోచేతిమీద బురుజు నిలిపారు.
బురుజు కింద ఇనుపతలుపు జారిన గాడి
ఇంకా నున్నగా ఉంది.
తలుపు లేదు.
గాడి నిండా బడిపిల్లలు దూర్చిన ఐస్‌క్రీం పుల్లలు.

నాది అవతలి ఒడ్డు.
పెళ్ళినాడు ఆ గాడి దగ్గరే ఆపి
అత్త ఫెలీసా అరచెయ్యి చాపింది.
ఒకప్పుడు సుంకం, ఇప్పుడు సరదా.
నాణెం పెట్టాను.
నలభై ఆరేళ్ళయింది.
కూరల బజార్లో ఇప్పటికీ నేను
'వంతెన అవతలామె'నే.

ఏరు దాటి తెప్ప తగలేశారంటారు కదా,
ఓడిపోయి వెళ్ళిపోతున్న సైన్యం
వంతెననే పేల్చేసింది.
రెండు కమానులు నీళ్ళలో చతికిలబడ్డాయట.
మళ్ళీ కట్టారు.
అదే గని రాయి, అదే కొలత.
అయినా ఊళ్ళో ఎవర్నడిగినా వేలుపెట్టి చూపిస్తారు
ఏది పాతరాయో ఏది కొత్తదో.
ఎనభై ఏళ్ళుగా అది కొత్తదే.
బండి బరువు దానిమీదా అంతే పడుతుంది.

రొట్టెల బట్టీ అవతల ఉండేది.
మా ఆయన కిర్జె మధ్యాహ్నాలు ఆ దారినే వచ్చేవాడు,
భుజాలమీద పిండి.
ఒక్కనాడూ చెయ్యి ఊపలేదు, తల ఎత్తలేదు.
ఆ రెండంగలు మాత్రం
కాస్త మెల్లగా వేసేవాడు.
అడగలేదు నేను. ఉప్పు వేసేదాన్ని.

ఇప్పుడు ఆయన మోకాళ్ళు మెట్లు దిగవు.
రొట్టెకి నేనే వెళ్తున్నాను.

పోయిన నెల గోడకి దర్జులు పూయడానికి
ఎవుదాల్ అనే కుర్రాడొచ్చాడు.
మధ్యలో ఎవరో మెత్తిన సిమెంటంతా గీకి
"దీనికి ఊపిరాడ్డం లేదమ్మా" అన్నాడు
డాక్టరు గొంతుతో.
సున్నం పెట్టి, తడిగోనెలు కప్పి వెళ్ళాడు.
సందు కూడా మూసుకుపోయింది.
నాలుగు రోజులు వంటింట్లో
కిర్జె ఊరికే కుర్చీ జరుపుతూనే ఉన్నాడు,
వెలుతురు లేదని, ఉల్లి కుళ్ళుతోందని,
ఏవేవో వంకలు.

అయిదోరోజు గోనెలు తీశారు.
రొట్టె చంకలో పెట్టుకుని వస్తూ
బురుజు దాటాక ఆగాను.
ఇన్నేళ్ళలో మొదటిసారి
అక్కణ్ణించి మా ఇంటికోసం వెతికాను.
గోడ. గోడ. గోడలో గీతలు.
ఎన్ని గీతలో, అందులో మాదేదో!
కట్టినవాడు పనిమంతుడు.
ఏదైతేనేమని
అన్నిటికీ కలిపి చెయ్యి ఊపాను.

ఇంట్లోకి అడుగుపెట్టీ పెట్టకముందే
"అంతమంది చూస్తుండగా
ఆ ఊపుడేమిటి?" అన్నాడు కిర్జె,
ఉల్లిపాయలవైపు తిరిగి.

స్టవ్వుమీద పాలు
పొంగి, కారి, గట్టంతా ఎండి ఉన్నాయి.